ఇండియన్ ఓపెన్ విన్నర్ల కథ కూడా రాయండి

ఎడిటర్ గారికి నమస్కారమండీ,

ఇండియన్ ఓపెన్ గోల్ఫ్ వచ్చినప్పుడల్లా మన పేపర్లో ఓ మూల రెండు లైన్లు వేసి వదిలేస్తున్నారు, నాకు చాలా బాధగా ఉంటోంది. 1964లో మొదలైన టోర్నమెంట్ అది, ఫస్ట్ టైటిల్ ఆస్ట్రేలియా ఆయన పీటర్ థామ్సన్‌ది, మరుసటేడు మన పి.జి. సేఠీ గెలిచాడు, అదీ అమెచ్యూర్‌గా, అంటే డబ్బు కోసం కాకుండా ఆడే ఆటగాడిగా! ఆ తర్వాత మళ్లీ మనోడు గెలవడానికి 1991 దాకా ఆగాల్సొచ్చింది. అలీ షేర్. ఢిల్లీ గోల్ఫ్ క్లబ్‌లో ఒకప్పుడు క్యాడీగా, అంటే ఆటగాళ్ల బ్యాగులు మోసేవాడిగా పనిచేసినోడు, అదే క్లబ్‌లో కప్పు ఎత్తాడు, 1993లో మళ్లీ కొట్టాడు. జ్యోతి రంధావా అయితే మూడుసార్లు. 2016, 2017లో వరసగా గెలిచిన చౌరాసియా వాళ్ల నాన్న కోల్‌కతా క్లబ్‌లో గడ్డి మైదానం చూసుకునే ఉద్యోగి అండీ.

ఇదంతా ఎందుకంటే, మా ముడసర్లోవ వైపు గోల్ఫ్ కోర్సులో పొద్దున్నే మంచుకి తడిసిన చెప్పులతో బరువైన బ్యాగులు భుజాన వేసుకుని నడిచే కుర్రాళ్లని రోజూ చూస్తుంటాను. ఒకడిని అడిగితే అలీ షేర్ ఎవరో తెలీదన్నాడు. ఈసారి టోర్నమెంట్‌కి పాత విన్నర్ల మీద అరపేజీ అయినా వేయండి, కటింగ్ నేనే తీసుకెళ్లి వాళ్లకిస్తాను.

- ఒక పాఠకుడు, ఆరిలోవ, విశాఖపట్నం