హైదరాబాద్ పెళ్లికి విమానంలో వచ్చేవాళ్లకు

అందరికీ నమస్కారం. విమానం గంటేగా అని తీరుబడిగా బయల్దేరొద్దు. రేణిగుంట నుంచి శంషాబాద్‌కు గాల్లో సుమారు 415 కిలోమీటర్లే, గంటా పావులోపు దిగిపోతాం. చిన్న ఏటీఆర్ (ఫ్యాన్ రెక్కల విమానం) అయితే కాస్త ఎక్కువ పడుతుంది. అసలు టైమంతా నేలమీదే పోతుంది. తిరుపతి నుంచి రేణిగుంటకు అరగంట, చిత్తూరు వాళ్లకు రెండు గంటలు. గంట ముందే కౌంటర్ మూసేస్తారు. అక్కడ దిగాక గచ్చిబౌలికి ఇంకో గంట. అంతా కలిపితే అయిదారు గంటలు! పోయినసారి మా అత్త మాగాయ జాడీ చేతిసంచిలో పెట్టుకొచ్చి సెక్యూరిటీ దగ్గర వదిలేసింది, దారంతా అదే గోల. లడ్డూలకు ఇబ్బంది లేదు. పెద్దవాళ్లకు నారాయణాద్రి రైలే సుఖమని నా లెక్క. టికెట్లు ఎవరికి ఏది కావాలో రాత్రిలోపు చెప్పండి.