సెమినరీలో గ్రౌండ్ ఉంటుందా సిస్టర్?

ప్రియమైన తల్లిదండ్రులకు నమస్కారం.

ఈ నెల లేఖలో ఆటల పోటీల ఫలితాలు రాద్దామని కూర్చున్నాను. అవి చివర్లో రాస్తాను. ముందు వేరే సంగతి చెప్పాలి. రెండు వారాలుగా గేటు దగ్గర అందరూ దాని గురించే మాట్లాడుకుంటున్నారు, అందులో సగం తప్పు.

మన పదో తరగతి కుర్రాడొకడు 800 మీటర్ల పరుగులో జిల్లా మొదటి స్థానం తెచ్చాడు. ఆ మరుసటి వారమే ఇంట్లో అన్నం తింటూ, పరీక్షలయ్యాక సెమినరీలో చేరతాను, ఫాదర్ అవుతాను అన్నాడట. సెమినరీ అంటే చర్చి ఫాదర్లను తయారుచేసే బడి. పేరు రాయకూడదన్న షరతు మీద వాళ్ళ అమ్మానాన్న ఈ సంగతి మీతో పంచుకోవడానికి ఒప్పుకున్నారు. పేరు మీలో చాలామందికి తెలుసని నాకూ తెలుసు. అయినా మాట మాటే.

నేను సిస్టర్‌ని కాబట్టి, "వాడి బుర్రలోకి ఇది ఎక్కించింది ఈవిడే" అన్న మాట నాదాకా వచ్చింది. నేను ఎక్కించలేదు. మన బడిలో సగానికి పైగా కతోలికులు కాని పిల్లలు. ఇక్కడ లెక్కలూ సైన్సూ చెబుతాం, మైదానంలో పరిగెత్తిస్తాం. ఇలాంటి మాట ఎవరైనా ఎత్తితే వింటాం, అంతే.

అబ్బాయినీ వాళ్ళ అమ్మగారినీ వెంటబెట్టుకుని నాన్నగారు నన్ను కలవడానికి వచ్చారు. కోపంతో కాదు, టెన్షన్‌తో. "సిస్టర్ గారూ, ఇలాగే పరిగెత్తితే స్పోర్ట్స్ కోటాలో సీటొస్తుందని పీఈటీ సార్ అంటున్నారు. ముందు ఆడనివ్వండి, నాలుగు రూపాయలు సంపాదించుకోనివ్వండి. అప్పటికీ దేవుడు పిలుస్తూనే ఉంటే వెళ్ళమనండి. దేవుడికి మాత్రం అంత తొందరేంటి?"

నాకు నవ్వొచ్చింది, కానీ ఆయన అడిగింది న్యాయమైన మాటే. అలా ఆలస్యంగా వెళ్ళినవాళ్ళు ఉన్నారు. ఉత్తర ఐర్లండ్ ఫుట్‌బాల్ ఆటగాడు ఫిలిప్ మల్రైన్ మాంచెస్టర్ యునైటెడ్‌లో మొదలుపెట్టి, నార్విచ్ సిటీకి ఏళ్ళ తరబడి ఆడాడు. దేశం తరఫున 27 మ్యాచ్‌లు ఆడాడు. ఆట ముగిశాక సెమినరీలో చేరి, తర్వాత డొమినికన్ సభ అనే సన్యాసుల సంఘంలో కలిసి, 2017 జూలైలో డబ్లిన్‌లో గురుపట్టం అందుకున్నాడు, అంటే ఫాదర్ అయ్యాడు. అప్పటికి ఆయన వయసు 39. ఈ కథ చెబితే నాన్నగారి ముఖం కొంచెం తేటపడింది.

అబ్బాయి మాత్రం ఇంకో పేరు ముందే పట్టుకొచ్చాడు. చేజ్ హిల్గెన్‌బ్రింక్. నేనూ వాడు చెప్పాకే చదివాను. అమెరికా కుర్రాడు, క్లెమ్సన్ యూనివర్సిటీ జట్టులో డిఫెండర్. చదువయ్యాక చిలీ దేశం వెళ్ళి అక్కడి క్లబ్బుల్లో ఆడాడు. తెలియని ఊరు, తెలియని భాష. అక్కడే గుడికి వెళ్ళడం, ప్రార్థన చేసుకోవడం అతనికి ఆసరా అయింది. పిలుపు మాట అప్పుడే మనసులో పడింది. ఆ తర్వాత స్వదేశం వచ్చి, అక్కడి పెద్ద లీగ్‌లో న్యూ ఇంగ్లండ్ రెవల్యూషన్ జట్టులో చోటు సంపాదించాడు. అదే ఏడాది, 2008 జూలైలో, సీజన్ ఇంకా నడుస్తుండగానే ఆట వదిలి మేరీలాండ్‌లోని మౌంట్ సెయింట్ మేరీస్ సెమినరీకి వెళ్ళిపోయాడు. అప్పుడతనికి 26 ఏళ్ళు. గాయమై ఆట మానలేదు, జట్టు తీసేస్తే మానలేదు. ఆరేళ్ళ తర్వాత, 2014లో, అమెరికాలోని పియోరియా మేత్రాసనానికి (ఒక బిషప్ కింద ఉండే ప్రాంతానికి) గురువయ్యాడు.

ఇది విని నాన్నగారు చాలాసేపు మాట్లాడలేదు. ఆమాటకొస్తే హిల్గెన్‌బ్రింక్ కూడా పదిహేనేళ్ళకు వెళ్ళలేదని నేనే గుర్తుచేశాను. ముందు డిగ్రీ చదివాడు, ఆడాడు. అబ్బాయికి ఆ మాట అంత నచ్చలేదు.

శ్రీసభ చట్టం, అంటే కతోలిక చర్చి చట్టం, తండ్రీకొడుకులిద్దరికీ చదివి వినిపించాను. 25 ఏళ్ళు నిండనిదే గురుపట్టం ఇవ్వరు. గురువు కమ్మని ఎవరినీ ఏ కారణంతోనూ బలవంతపెట్టకూడదు. తగినవాణ్ణి అడ్డుకోనూ కూడదు. పదో తరగతి తర్వాత చేరినా మన దగ్గర గురుపట్టం దాకా పదేళ్ళకు పైనే పడుతుంది. ఇంటర్, తత్వశాస్త్రం, కొంతకాలం విచారణల్లో (ఫాదర్లు చూసుకునే ఊళ్ళ చర్చిల్లో) సేవ, తర్వాత దైవశాస్త్రం. మధ్యలో ఇది నా దారి కాదనుకుని తిరిగొచ్చేవాళ్ళు చాలామందే ఉంటారు. వాళ్ళను "పారిపోయొచ్చాడు" అనే అలవాటు మన ఊళ్ళలో ఉంది. నాకు ఒళ్ళు మండేది దానికే.

అమ్మగారు అంతసేపూ మౌనంగా కూర్చుని, వెళ్ళేముందు ఒక్కటే అన్నారు. "ఒక్కడే కొడుకు సిస్టర్." దానికి నా దగ్గర జవాబు లేదు. మా నాన్న గుర్తొచ్చారు. నేను కాన్వెంట్‌లో చేరతానన్న రోజు ఆయన అరవలేదు, ఏడవలేదు. "మరి ఖోఖోకని ఆ బూట్లెందుకు కొనిపించావే?" అన్నారు. ఆ బూట్లు కొని ఆరు నెలలు కూడా కాలేదు. ఆరు నెలలు నాతో మాట్లాడలేదు కూడా.

అబ్బాయి తరఫున అసలు ప్రశ్న ఆఖర్న వచ్చింది. "సెమినరీలో గ్రౌండ్ ఉంటుందా సిస్టర్?" ఉంటుంది నాన్నా, సాయంత్రం ఆట టైంటేబుల్‌లోనే ఉంటుంది అన్నాను. రెండో జాన్ పాల్ పోపుగారి సంగతీ చెప్పాను. పోలండ్‌లో చిన్నప్పుడు ఆయన గోల్‌కీపర్. 1958లో ఆయన్ను బిషప్‌గా నియమించిన కబురు వచ్చేసరికి స్నేహితులతో నదిలో పడవ నడుపుతున్నారు. వార్సా వెళ్ళి సరేనని చెప్పి, మళ్ళీ పడవ దగ్గరికే వచ్చారు. వాడికి ఈ ముక్క భలే నచ్చింది.

ప్రస్తుతానికి అనుకున్నది ఇది. వాడు రాష్ట్ర పోటీల్లో పరిగెత్తుతాడు, పబ్లిక్ పరీక్షలు రాస్తాడు. వేసవిలో నాన్నగారితో కలిసి సెమినరీ చూసొస్తాడు. చేరడమా మానడమా అన్నది ఆ తర్వాతి మాట. పీఈటీ సార్ ఇంకా నామీద అలిగే ఉన్నారు.

మీ అందరినీ ఒకటి కోరుతున్నాను. పిల్లలు వాడిని "ఫాదరు గారూ" అని ఏడిపిస్తున్నారు, ఇంట్లో చెప్పి మాన్పించండి. ఇంకొందరు పెద్దవాళ్ళు తలమీద చెయ్యి పెట్టి ప్రార్థించమని ఇప్పుడే అడుగుతున్నారట. దయచేసి అదీ వద్దు. వాడికి పదిహేనేళ్ళు. నిన్న హోంవర్క్ చేయక బెంచీ ఎక్కాడు.

ఇక ఫలితాలు. 800 మీటర్లలో మొదటి స్థానం, బాలికల ఖోఖోలో రెండో స్థానం, కబడ్డీలో మొదటి రౌండ్‌లోనే ఇంటికి. రాష్ట్ర పోటీలకు వెళ్ళే పిల్లల తల్లిదండ్రులు అంగీకార పత్రం మీద సంతకం చేసి, ఆధార్ జిరాక్స్‌తో కలిపి శుక్రవారంలోగా పంపండి. నీళ్ళ సీసా, దుప్పటి మర్చిపోవద్దు. పోయినసారి ముగ్గురు పిల్లలు నా శాలువాలోనే పడుకున్నారు.

ఇట్లు,
మీ సిస్టర్,
ప్రధానోపాధ్యాయురాలు