హెర్న్ హిల్ ట్రాక్ నిలబడింది, నేను థాంక్స్ చెప్పాల్సింది మాత్రం ఒక బస్టాప్ ఆవిడకి

అందరికీ నమస్తే. ఇది 2011లో రాస్తున్నా, టైము రాత్రి పన్నెండున్నర అయింది, కాళ్ళు లాగేస్తున్నాయి, చేతులకి ఇంగువ వాసన ఇంకా పోలేదు, అయినా ఇవాళ రాయకపోతే ఇంక ఎప్పటికీ రాయనని నా సంగతి నాకు తెలుసు కాబట్టి కూర్చున్నా. తప్పులుంటే సర్దుకుని చదువుకోండి.

తెలియనివాళ్ళ కోసం ముందు కొంచెం కథ. మేముండే సౌత్ లండన్‌లో హెర్న్ హిల్ అని ఒక చోటు. అక్కడ బర్బేజ్ రోడ్డులో ఇళ్ళ మధ్య సందులాంటి దారిలోంచి లోపలికి వెళ్తే సైకిల్ రేసుల ట్రాక్ ఉంటుంది, వెలోడ్రోమ్ అంటారు. చూసుకోకపోతే దాటి వెళ్ళిపోతాం, మేం మూడేళ్ళు ఆ పక్క వీధుల్లోనే ఉండి కూడా చూళ్ళేదు. 1891లో మొదలైందంట, అంటే మా తాతయ్య కూడా పుట్టలేదు అప్పటికి. యుద్ధంలో పాడుబడితే మళ్ళీ బాగుచేసి 1948 ఒలింపిక్స్‌లో ట్రాక్ సైక్లింగ్ మొత్తం ఇక్కడే పెట్టారు. మనకి స్వతంత్రం వచ్చాక మొదటి ఒలింపిక్స్ అవి, మన ఇండియా సైక్లిస్టులు కూడా ఈ ట్రాక్ మీదే తొక్కారు. ఇద్దరు కూర్చుని తొక్కే సైకిల్ ఫైనల్ అయ్యేసరికి చీకటి పడిపోయిందంట, ఎవరు గెలిచారో కళ్ళు చికిలించుకుని చూడాల్సి వచ్చిందంట. 1903 నుంచి గుడ్ ఫ్రైడే రేసులంటే ఇక్కడివాళ్ళకి మన కోటప్పకొండ తిరునాళ్ళ లెక్క. బీజింగ్‌లో రెండు గోల్డు మెడల్స్ కొట్టిన బ్రాడ్లీ విగ్గిన్స్ చిన్నప్పుడు మొదటి రేసు తొక్కింది కూడా ఇక్కడే.

మా చిన్నోడు విగ్గిన్స్ ఏమీ కాదు లెండి. వాడికి పదేళ్ళు, ఫుట్‌బాల్లో ఎవరూ టీములోకి తీసుకోకపోతే ఏడ్చుకుంటూ వచ్చేవాడు, ఎవరో చెప్తే శనివారం పొద్దున పిల్లల క్లాసుకి తీసుకెళ్ళా. సైకిల్ కూడా వాళ్ళే ఇస్తారు. బ్రేకులుండవు దానికి! నేను మొదటి రోజు అది విని వాణ్ణి వెనక్కి లాక్కొచ్చేయబోయా. పెడల్ చక్రంతో పాటే తిరుగుతూ ఉంటుంది, ఠక్కున ఆపుదామంటే అది ఆగదు, మనల్నే ఎత్తి పడేస్తుంది. నెమ్మదిగా కాళ్ళతోనే వేగం తగ్గించుకోవాలి. నాలుగు వారాలకి వాడు నవ్వుతూ ఇంటికి రావడం మొదలైంది, ఇంక నాకు ఆ ట్రాక్ గుడితో సమానం అయిపోయింది.

అదే ట్రాక్ మూతపడుతుందన్నారు పోయినేడు. జనం కూర్చుని చూసే పాత స్టాండుకి కంచె కట్టేసి ఎవర్నీ ఎక్కనివ్వట్లేదు, ట్రాక్ అంతా పగుళ్ళు, పిల్లలు తొక్కుతుంటే పళ్ళు టకటకలాడేవి. ఎందుకు బాగుచెయ్యరయ్యా అంటే, స్థలం ఒకరిది, నడిపేది ఇంకొకరు, డబ్బులిచ్చేది మూడోవాళ్ళు. లీజు చూస్తే చిన్న చిన్న ముక్కలు. ఎక్కువ ఏళ్ళ లీజు చూపిస్తే గానీ గ్రాంటు రాదు, గ్రాంటు వస్తే గానీ రిపేరు కాదు, రిపేరు కాని దానికి ఎక్కువ ఏళ్ళ లీజు ఎవడిస్తాడు? పెళ్ళయితే గానీ పిచ్చి కుదరదు, పిచ్చి కుదిరితే గానీ పెళ్ళి కాదు, అచ్చం అదే. 2005లో లీజు అయిపోయి కొన్ని నెలలు గేటుకి తాళం కూడా పడింది, అప్పుడు ఇక్కడి సైకిల్ క్లబ్బు వాళ్ళు వాలంటీర్లుగా దిగి తెరిపించుకున్నారు. మళ్ళీ అదే గతి పట్టేలా ఉంటే 2010 అక్టోబరులో పెద్ద మీటింగ్ పెట్టారు, వందల మంది వచ్చారు, నేను వెనక నిలబడి చూసి ఇంటికొచ్చేద్దామనే వెళ్ళా. వచ్చేటప్పుడు చేతిలో, ట్రాక్ మూయొద్దని జనంతో పెట్టించాల్సిన సంతకాల కాగితాలున్నాయి. ఎలా వచ్చాయో ఇప్పటికీ తెలీదు, వద్దు అనడం నాకు చేతకాదు, అదీ సంగతి.

ఇప్పుడు అసలు విషయం. ఇది ఇప్పటిదాకా ఎవరికీ చెప్పలేదు, మా ఆయనకి కూడా ఇది చదివితేనే తెలుస్తుంది.

నవంబరులో ఒక సాయంత్రం. నాతో రావాల్సిన ఇంకో పిల్లాడి అమ్మకి జ్వరం, ఒక్కదాన్నే బయల్దేరా. అట్టకి క్లిప్పు పెట్టి మూడు కాగితాలు, వాటి మీద 41 సంతకాలు, అంటే నాకు మూడు వారాల కష్టం. తలుపు కొట్టడం, నవ్వడం, నా ఇంగ్లీషు వాళ్ళకి అర్థమయ్యేదాకా రెండోసారి చెప్పడం, ఇదంతా నాలాంటిదానికి ఎంత కష్టమో నాకే తెలుసు. తెనాలిలో పక్కింటికి పంచదార అప్పుకి కూడా చెల్లినే పంపించేదాన్ని నేను. ఆ రోజు ఒకాయన తలుపు తీసి మొత్తం విని, క్రికెట్ గ్రౌండైతే నువ్వు రావడం అర్థం చేసుకుంటా, మీవాళ్ళకి ఈ సైకిళ్ళతో ఏం పని అన్నాడు. గట్టిగా కూడా అనలేదు, మామూలుగానే, వాతావరణం గురించి మాట్లాడినట్టు. నేను థాంక్యూ అని చెప్పి వచ్చేశా. థాంక్యూ ఏంటి అసలు! ఇప్పటికీ ఆ థాంక్యూ గుర్తొస్తే ఒళ్ళు మండుతుంది.

అప్పుడే వాన. గొడుగు తిరగబడింది, కాగితాలు తడిసిపోయాయి, ఇంకు కారిపోయి నీలంగా మరకలు. బస్టాప్‌లోకి వచ్చి చూసుకుంటే సగం సంతకాలు ఎవరివో కూడా తెలియట్లేదు. ఆ మూడు కాగితాలూ తీసి పక్కనున్న చెత్తబుట్టలో కుక్కేశా. ఊరికే పడెయ్యడం కాదు, కసిగా కుక్కా. కమిటీ వాళ్ళకి మా వీధుల్లో ఎవరూ పెట్టలేదని చెప్పేద్దాం, అయిపోతుంది అనుకున్నా. అవును, అలాగే అనుకున్నా.

బెంచీ మీద ఒక పెద్దావిడ కూర్చుని ఉంది, డెబ్భై దాటి ఉంటాయి, చేతికర్ర, చక్రాల సంచి. జమైకా నుంచి వచ్చి యాభై ఏళ్ళయిందని తర్వాత చెప్పింది. ఏమీ మాట్లాడలేదు. లేచింది, చేతికున్న గ్లోవు తీసి జేబులో పెట్టుకుంది, చెత్తబుట్టలో చెయ్యి పెట్టి ఆ కాగితాలు ఒక్కోటీ చిరక్కుండా బయటికి తీసింది. చిప్స్ పొట్లం ఒకటి అంటుకుపోయి ఉంటే అది కూడా మెల్లగా వలిచింది. ఇవి నీవేనా అంది. నావే, పనికిరావు అన్నా. ఎండితే పనికొస్తాయి అంది.

అంతే, నేను ఏడుపు మొదలుపెట్టా. 68 నంబరు బస్సు వచ్చింది, ఆవిడ ఎక్కాల్సిన బస్సు, డ్రైవర్ తలుపు తీసి చూస్తున్నాడు, ఆవిడ వెళ్ళిపొమ్మని చెయ్యూపింది. ఆ వానలో, మోకాళ్ళ నొప్పులతో. ఇంకో బస్సు వచ్చేదాకా నా పక్కన కూర్చుంది. ఏంటీ కాగితాలు అంటే ట్రాక్ గురించి చెప్పా. నలభై ఏళ్ళుగా ఇక్కడే ఉంటున్నా, అలాంటిదుందని నాకు తెలీదే అంది. మా ఇంట్లో హీటర్ బాగా కాలుతుంది, ఇవి నాకివ్వు అంది. నిజం చెప్తున్నా, వదిలించుకోవడానికే ఇచ్చా. ఫోన్ నంబరు కూడా తీసుకోలేదు.

రెండు వారాల తర్వాత శనివారం క్లాసు జరుగుతుంటే ఆ సందులోంచి కర్ర పట్టుకుని, సంచి లాక్కుంటూ వస్తోంది. నాకు గుండె ఆగినంత పనైంది. సంచిలోంచి ప్లాస్టిక్ కవర్లలో పెట్టిన మూడు కాగితాలు తీసింది. ఇస్త్రీ చేసింది వాటిని! చీరకి చేసినట్టు. 17 సంతకాలు బాగా చెడిపోయాయంట, కానీ ఇంటి నంబర్లు కొంచెం కొంచెం కనపడుతున్నాయంట, ఆ నంబర్లు పట్టుకుని ఇల్లిల్లూ తిరిగి మళ్ళీ పెట్టించింది. 15 అయ్యాయి. మిగిలిన రెండింటికి చిన్న చీటీ రాసి పెట్టింది, ఒకరు ఊళ్ళో లేరు, ఇంకొకరింట్లో కుక్క ఉంది అని. ఆ క్రికెట్ మహానుభావుడి ఇంటికి కూడా వెళ్ళిందంట, ఆయన పెట్టలేదు, ఆయన అంతే అంది.

ఎందుకు చేశారండీ ఇదంతా అని అడిగా. తడిసిపోయాయి కదా మరి అంది. ఇంకేం చెప్పలేదు. నేను ఎన్నిసార్లు అడిగినా ఇదే జవాబు. ఆంటీ అని పిలవచ్చా అంటే, మా ఊళ్ళోనూ పెద్దవాళ్ళని ఆంటీ అనే అంటారు, నువ్వేం కొత్తగా పిలవట్లేదు అంది. పేరు మాత్రం ఎక్కడా రాయొద్దంది కాబట్టి రాయట్లేదు.

ఆంటీ, నువ్వు తెలుగు చదవలేవు, అందుకే ధైర్యంగా రాస్తున్నా. ఆ రోజు నువ్వు కాగితాలు తియ్యకపోయినా ట్రాక్ మూతపడేది కాదేమో, వేల మంది కష్టంలో నా 41 సంతకాలు ఏపాటివి. కానీ నేను మాత్రం ఆ గేటు వైపు మళ్ళీ వెళ్ళేదాన్ని కాదు, వాణ్ణి కూడా మానిపించేసేదాన్ని, అది మాత్రం ఖాయం.

ఇవాళ పిల్లలు కొత్త సర్‌ఫేస్ మీద తొక్కారు! బ్రిటిష్ సైక్లింగ్ అనే సంస్థ వాళ్ళు డబ్బు పెట్టారు, నున్నగా అద్దంలా ఉంది, పళ్ళు టకటకలాడట్లేదు అన్నాడు మావాడు. ఆంటీని కూడా పిలిచా. కుర్చీ వేసి కూర్చోబెడితే సరిగ్గా ఐదు నిమిషాలు చూసి, గుండ్రంగా తిరగడమేనా, ఇంకేం లేదా అంది. నిమ్మకాయ పులిహోర మాత్రం రెండుసార్లు పెట్టించుకుని మిరపకాయలు తక్కువయ్యాయంది. తెనాలిదాన్ని పట్టుకుని కారం తక్కువంటుందా! పోయిన క్రిస్మస్‌కి నాకిచ్చిన అల్లం కేకు డబ్బా నా దగ్గరే ఉండిపోయింది, ఖాళీ డబ్బా ఎలా ఇస్తాం, సున్నుండలు పెట్టి ఇచ్చా.

ఇంట్లోవాళ్ళ సంగతికొస్తే, మా ఆయన, అత్తయ్య, పెద్దోడు, అన్నీ చేశారు, వాళ్ళకి థాంక్స్ చెప్తే తిడతారు, కాబట్టి వదిలేస్తున్నా.

అందరూ గెలిచాం గెలిచాం అంటున్నారు కదా, నాకు ఒక మూల కడుపుమంట తగ్గలేదు, అది కూడా రాసేస్తా. స్టాండు సంగతి ఇంకా తేలలేదు, కంచె అలాగే ఉంది. ఒక ఆఫీసుకి ఈ సంవత్సరంలో ఆరు ఉత్తరాలు రాశా, ఆరింటికీ ఒకే జవాబు, మీ ఉత్తరం అందింది, సంబంధిత విభాగానికి పంపాం అని. ఆ సంబంధిత విభాగం ఏదో కనుక్కుని ఫోన్ చేస్తే ఇది మాది కాదు, మొదటి ఆఫీసునే అడగండి అన్నారు. మన దగ్గర కలెక్టరాఫీసులో అయితే కనీసం ఎదురుగా కూర్చుని పోట్లాడొచ్చు, ఇక్కడ ఫోన్లో పాట వినిపిస్తారు నలభై నిమిషాలు. అవతల స్ట్రాట్‌ఫర్డ్‌లో వచ్చే ఏడాది జరిగే 2012 ఒలింపిక్స్‌కి దాదాపు 100 మిలియన్ పౌండ్లు పెట్టి కొత్త వెలోడ్రోమ్ కట్టారు, బాగుంది, కట్టాల్సిందే, నేనేం కాదనట్లేదు. కానీ 1948 ఒలింపిక్స్ జరిగి, ఇప్పటికీ ఆట ఆడుతున్న ఈ చోటుకి సరైన టాయిలెట్ కోసం మేం కేకులు అమ్ముకోవాలా? సర్లే, ఈ టైములో ఇది మొదలుపెడితే తెల్లారిపోతుంది.

థాంక్స్ చెప్పాల్సినవాళ్ళు ఇంకా ఉన్నారు. శనివారాలు పిల్లల సీట్లు సరిచేసే తాతగారు, ఆయన మా వాడి ఎత్తు వాడి డాక్టరు కంటే బాగా చెప్తారు. గొడుగు కింద నిలబడి ల్యాపులు లెక్కపెట్టే అమ్మాయి. సందు మొదట్లో ఉండే ఇంటివాళ్ళు, వాళ్ళ గోడకి మా పోస్టర్లు అంటించుకోనిచ్చారు.

అయ్యో, జిరాక్సు షాపు గుజరాతీ అన్నయ్యని మర్చిపోయా, 300 కాపీలు తీసి వందకే డబ్బులు తీసుకున్నాడు, మిగతావి మీ అబ్బాయికి బర్త్‌డే గిఫ్టు అనుకో చెల్లీ అన్నాడు, మా అబ్బాయి బర్త్‌డే ఎప్పుడో ఆయనకేం తెలుసు. నా ఇంగ్లీషు ఉత్తరాలు దిద్దిపెట్టిన చిన్నోడి టీచర్. ఆ ఆరు ఉత్తరాలూ ఆవిడవే, నావి పేరు, సంతకం మాత్రమే. ఈస్ట్ హామ్ నుంచి రెండు రైళ్ళు మారి వచ్చి ప్లేట్లు కడిగిన మా తెలుగువాళ్ళు ముగ్గురు, మీ పేర్లు రాస్తే ఒకరిది మర్చిపోతానని రాయట్లేదు, కోప్పడకండి. జ్వరం వచ్చిన ఆవిడ కూడా, ఆవిడ తర్వాత ఎనిమిది వారాలు నాతో తిరిగింది, ఆ రోజు రాలేదని ఆవిడ మీద పడకండి ఎవరూ.

ఇంకా... ఆ పెద్ద ఇత్తడి గిన్నె ఇచ్చిన సీతక్కా, అది లేకపోతే నాలుగు కిలోల పులిహోర కలిపేదాన్నే కాదు. రేపు తెచ్చిస్తా. అడుగున కొంచెం మాడింది, చింతపండు పెట్టి తోమి తెస్తా.