కాలు తీసినప్పుడు వచ్చే చప్పుడు

చిరంజీవి చిన్నోడికి నాన్న ఆశీస్సులు.

ఇక్కడ అందరం బాగున్నాం. అమ్మకి మోకాలి నొప్పి తగ్గింది, డాబా ఎక్కి వడియాలు పెడుతోంది, వద్దంటే వినదు. మామ్మ రోజూ నీ గురించే అడుగుతోంది. నువ్వు ఫోన్ చేసి 19 రోజులైంది, ఆఫీసులో పని ఎక్కువగా ఉందేమోనని నేనూ చెయ్యలేదు.

మొన్న ఆదివారం శీను వచ్చాడు. రత్తమ్మత్త పంపిన జంతికలు ఇచ్చి, కాఫీ తాగి, వెళ్లే ముందు ఫోన్‌లో ఒక వీడియో చూపించాడు. రాత్రిపూట ఔటర్ రింగ్ రోడ్డు, ముందు తెల్ల మారుతీ 800, వెనకద్దం మీద మామ్మ అంటించిన కనకదుర్గమ్మ స్టిక్కర్ సగం ఊడి ఉంది. వాడేమీ అనలేదు, నేనూ ఏమీ అనలేదు. తోలింది నువ్వేనా, ఎవరికన్నా ఇచ్చావా అన్నది తర్వాత. నేను పట్టుకున్నది చప్పుడు. యాక్సిలరేటర్ మీంచి కాలు తీసిన ప్రతిసారీ సైలెన్సర్లో టప్ టప్ మని పేలుతోంది. నాలుగుసార్లు వేయించుకుని చెవి దగ్గర పెట్టుకుని విన్నాను. మీ స్నేహితులకి అది హుషారుగా ఉంటుందేమో కానీ, ఆ ఇంజన్‌కి పెట్రోల్ చాలట్లేదురా.

సైలెన్సర్ మార్పించానని, ఎయిర్ క్లీనర్ డబ్బా తీసేసి ఓపెన్ ఫిల్టర్ పెట్టించానని సంక్రాంతికే చెప్పావు. నేనేమన్నా అన్నానా? నీ వయసులో నాకూ ఆ సరదా ఉండేది. కానీ గాలి దారి మార్చినవాడు పెట్రోల్ సంగతి కూడా చూడాలి కదా. అందులో కంప్యూటర్ లేదు, గాలి పెరిగిందని కనిపెట్టి పెట్రోల్ సరిచేసుకోవడానికి. కార్బురేటర్లో పెట్రోల్‌ని కొలిచి వదిలే జెట్ బెజ్జం ఎంతో పెట్రోల్ అంతే. దానికి తోడు ఇప్పుడు బంకుల్లో పోసేది 20 శాతం ఇథనాల్ కలిపిన పెట్రోల్. మామూలు పెట్రోల్ ఒక కిలోకి 14.7 కిలోల గాలి కావాలి, దీనికైతే 13.5 దగ్గరే సరిపోతుంది, ఎందుకంటే ఇథనాల్లోనే కొంత ఆక్సిజన్ ఉంది. అంటే నువ్వు ఏమీ మార్చకపోయినా పాత జెట్‌తో ఆ బండి కాస్త లీన్‌గా, అంటే గాలి ఎక్కువై పెట్రోల్ తక్కువై నడుస్తున్నట్టే, నువ్వు పెట్టినవి దాని మీద ఇంకా కలిశాయి.

నీకెప్పుడూ చెప్పని సంగతి ఒకటి చెప్తాను. 1994 ఎండాకాలం, షాపు పెట్టిన కొత్త. బట్టల కొట్టాయన ఒకాయన ప్రీమియర్ పద్మిని తెచ్చి మైలేజీ రావట్లేదన్నాడు. నేను మెయిన్ జెట్ తీసి ఒక సైజు చిన్నది వేశాను. ఊళ్లో బ్రహ్మాండంగా తిరిగింది, లీటరుకి రెండు కిలోమీటర్లు ఎక్కువ వచ్చిందని నాకు యాభై రూపాయలు ఎక్కువిచ్చాడు కూడా. తర్వాతి వారమే ఆరుగురు ఎక్కి, పైన క్యారియర్ మీద సామాన్లు కట్టుకుని తిరుపతి బయల్దేరారు. ఊళ్లో పావు కాలు మీద నడిచే బండి వేరు, హైవే మీద గంటల తరబడి కాలు పూర్తిగా తొక్కిపెడితే నడిచే బండి వేరు, అది నాకు అప్పటికి తలకెక్కలేదు. ఒంగోలు దాటాక డబ్బాలో గులకరాళ్లు వేసి ఊపినట్టు చప్పుడొచ్చిందట, ఆయనకి తెలియక అలాగే తోలాడు. కావలి ఇంకా రాకముందే పొగ కక్కి ఆగిపోయింది. రాత్రి పదిన్నరకి పక్కింటికి ఫోనొచ్చింది. లారీ పట్టుకుని వెళ్లేసరికి తెల్లారింది. వేపచెట్టు కింద తుండుగుడ్డ పరిచి పిల్లల్ని పడుకోబెట్టారు, వాళ్లమ్మ నగలు కొంగున మూటగట్టుకుని రాత్రంతా కన్ను మూయకుండా కూర్చుంది. నన్నెవరూ ఒక్క మాట అనలేదు, మంచినీళ్లు ఇచ్చారు. షాపుకి లాక్కొచ్చి హెడ్ దించితే, పెట్రోల్ చాలక వేడెక్కి మూడో పిస్టన్‌కి పెన్సిల్ దూరేంత బెజ్జం, అంచులు బెల్లం పాకంలా కరిగిపోయి ఉన్నాయి. పిస్టన్లు, రింగులు, బోరు పని అంతా నా ఖర్చుతోనే చేయించాను, అమ్మ గాజులు కుదువపెట్టాం.

చిన్నప్పుడు నువ్వు పెన్సిళ్లు పెట్టుకుని, కింద నుంచి జారిపోతున్నాయని ఏడ్చేవాడివే, ఆ పిస్టనే అది. ఇంకా నా బల్ల మీదే ఉంది.

కాబట్టి చెప్పినట్టు చెయ్యి. ముందు జెట్ జోలికెళ్లకు. కార్బురేటర్ కింది గాస్కెట్, వాక్యూమ్ పైపులు, సైలెన్సర్ జాయింటు, వీటిల్లో ఎక్కడన్నా గాలి పీలుస్తోందేమో చూడు, జాయింటు లీకైనా ఆ టప్ టప్ వస్తుంది. పెట్రోల్ గొట్టాలన్నీ కొత్తవి వేయించు, పాత రబ్బరుకి ఇథనాల్ పడదు, బానెట్ తెరిస్తే వాసనొచ్చిందంటే స్టార్ట్ కూడా చెయ్యొద్దు. తర్వాత స్లో స్పీడ్, అంటే బండి నిలబడి ఉన్నప్పుడు ఇంజన్ తిరిగే వేగం, గాలీ పెట్రోలూ పాళ్లు సరిచేసే స్క్రూ చూడు. ఆ తర్వాతే మెయిన్ జెట్, అదీ ఒక్కో సైజే పెంచు, ఒకసారికి ఒక్కటే మార్చు, ఏం మార్చావో పుస్తకంలో రాసుకో. డ్రిల్ పెట్టి బెజ్జం పెద్దది చేస్తానని ఎవడన్నా అంటే అక్కణ్ణుంచి బండి తీసుకుని వచ్చెయ్. అలాగని అవసరానికి మించి పెంచినా ముప్పే, ఎక్కువైన పెట్రోల్ సిలిండర్ గోడ మీది ఆయిల్‌ని కడిగేస్తుంది. వారానికోసారి ఆయిల్ పుల్ల తీసి వాసన చూడు.

పెట్రోల్ ఎక్కువైందా తక్కువైందా అన్నది స్పార్క్ ప్లగ్ రంగు చూసి చెప్పేవాళ్లం మేము. సీసం కలిపిన పెట్రోల్ 2000లో ఆగిపోయాక ఆ రంగులు అంత నమ్మకంగా రావట్లేదు. గాలీ పెట్రోలూ పాళ్లు చూపిస్తుందని నువ్వన్న ఆ వైడ్‌బ్యాండ్ మీటరే పెట్టించు, డబ్బులు నేను పంపుతాను. పూర్తిగా తొక్కినప్పుడు మామూలు పెట్రోల్ స్కేలు మీద 12.5కీ 13కీ మధ్య చూపించాలి. అంతకంటే పైకి పోతే వెంటనే కాలు తీసెయ్. 796 సీసీల బండిరా అది, వయసులో నీకంటే పెద్దది, ఔటర్ మీద పెద్ద బండ్లతో పోటీకి పెట్టొద్దు. రాత్రి ఆగిపోతే పక్కన లారీలు ఆగవు. శీను వీడియోలో సీటు బెల్టు పెట్టుకున్నట్టు కూడా కనపడలేదు నాకు.

సరిగ్గా తింటున్నావా? కొరియర్‌లో సున్నుండలు, పండుమిరప పచ్చడి పంపుతున్నాను. సున్నుండల డబ్బా అడుగున కాగితంలో మూడు జెట్లు చుట్టి పెట్టాను, నంబర్లు పైన రాశాను, అమ్మకి చెప్పలేదు. అవి వేసేదాకా ఆ బండిని ఔటర్ మీదికి తీసుకెళ్లకు. షాపు రాత్రి 9కి కట్టేస్తాను, ఆ తర్వాత ఎప్పుడైనా ఫోన్ చెయ్యి, బండి స్టార్ట్ చేసి ఫోన్ సైలెన్సర్ దగ్గర పెట్టు, వింటాను. ఆ రాత్రి తోలింది నువ్వో కాదో అప్పుడు చెప్పు, తిట్టను.

మీ నాన్న