బ్రేక్ ఆయిల్ లూజుగా అమ్మడం ఆపించండి

సంపాదకులకు నమస్కారం.

మా నాన్న కొన్న 2003 మోడల్ క్వాలిస్ ఏళ్ల తరబడి అపార్ట్‌మెంట్ సెల్లార్‌లో దుమ్ము పట్టి ఉంటే, ఈ మధ్య ఆదివారాలు నేనూ మా అబ్బాయీ దాన్ని బాగుచేసుకుంటున్నాం. దాని క్లచ్ ఆయిల్‌తో పనిచేసేది, పోసేది బ్రేక్ ఆయిలే. పెడల్ తొక్కితే ఆయిల్‌ను నెట్టే పైన మాస్టర్ సిలిండర్‌కీ, ఆ ఒత్తిడితో క్లచ్‌ను కదిపే కింద స్లేవ్ సిలిండర్‌కీ కొత్త రబ్బరు వాషర్లు వేశాం. ఆయిల్ మాత్రం రాణిగంజ్ స్పేర్ పార్ట్స్ మార్కెట్ దాకా వెళ్లకుండా ఇంటి దగ్గర షాపులో తెచ్చాను. మూత లేని పెద్ద డబ్బాలోంచి నీళ్ల సీసాలోకి వంచి ఇచ్చారు.

పైపుల్లో చేరిన గాలి తీశాక గేర్లు బాగానే పడ్డాయి. మూడు వారాలకు తొక్కిన పెడల్ పైకి రావడం మానేసింది. విప్పితే కొత్త వాషర్లు ఉబ్బిపోయి సిలిండర్‌లో బిగుసుకుని ఉన్నాయి, వేలికి జిగటగా తగిలాయి. బ్రేక్ ఆయిల్‌లో ఇంజిన్ ఆయిల్ లాంటిది కలిస్తే ఆ రబ్బరు ఇలాగే ఉబ్బుతుంది. పైగా బ్రేక్ ఆయిల్ గాలిలోని తేమను పీల్చుకుంటుంది. డాట్ 4 అనే గ్రేడు బ్రేక్ ఆయిల్ కొత్తగా ఉన్నప్పుడు కనీసం 230 డిగ్రీల దాకా మరగకూడదు, తేమ పట్టాక ఆ హద్దు 155కి పడిపోతుంది. మాది క్లచ్ కాబట్టి బండి సెల్లార్‌లోనే ఆగింది. అదే ఆయిల్ బ్రేకుల్లో పోసుకుని, పిల్లాపాపలతో శ్రీశైలం ఘాట్ దిగేవాళ్ల సంగతేంటి? బ్రేకులు వేడెక్కి ఆయిల్ మరిగితే పెడల్ నేలకు అంటుకుపోతుంది.

సీలు డబ్బా తెచ్చి, పైపులన్నీ కొత్త ఆయిల్‌తోనే కడిగి, వాషర్లు మళ్లీ మార్చాం. అబ్బాయి సీట్లో, నేను బండి కింద. 'తొక్కి పట్టుకో' అనగానే గాలి బయటికి వదిలే నిపుల్ అర చుట్టు వదులు చేయడం, బిగించాకే 'వదులు' అనడం. వాడు ముందే కాలు తీస్తే గాలి మళ్లీ లోపలికి పోతుంది. పైన ఆయిల్ తగ్గకుండా పోస్తూ ఉండాలి. నిపుల్‌కి తగిలించిన గొట్టంలో ముందు నల్లటి ఆయిల్, తర్వాత సగ్గుబియ్యంలా బుడగలు, చివరికి తేటగా ధార వచ్చింది. పెడల్ గట్టిపడింది.

షాపుల వాళ్లూ, దయచేసి సీలు ఉన్న డబ్బానే అమ్మండి, చిన్న డబ్బాలు కూడా దొరుకుతాయి. అధికారులు ఒక్కసారి ఈ షాపుల్లో తనిఖీ చేయాలి. మెకానిక్ పోసేటప్పుడు డబ్బా మీ ముందే తెరవమని అడగండి.

— ఒక పాఠకుడు, మల్కాజిగిరి, హైదరాబాద్