వెన్నుపాము పరిశోధనకు చేయూతనివ్వండి: కంఠమహేశ్వరస్వామి ఆలయ కమిటీ విజ్ఞప్తి

గౌడ బంధువులకు, గ్రామస్థులకు, దూరాన ఉన్న మన పిల్లలకు నమస్కారం.

కాటమయ్యను, అంటే మన కంఠమహేశ్వరస్వామిని తలచుకోనిదే మనవాళ్లు కల్లు గీయడానికి చెట్టెక్కే తాడు, మోకు పట్టరు. అయినా వానకు తడిసిన తాటిమాను మీద, మోకు అరిగిన చోట పట్టు జారుతూనే ఉంది. పైనుంచి పడితే నడుము దగ్గరి పూస నలిగి, చిటికెన వేలంత లావుండే వెన్నుపామును నొక్కేస్తుంది. కాళ్లలో కదలిక, మూత్రం మీద పట్టు రెండూ పోతాయి. 2024లో తెలంగాణ ప్రభుత్వం ఇవ్వడం మొదలుపెట్టిన కాటమయ్య రక్షక కవచం (చెట్టెక్కేటప్పుడు కట్టుకునే రక్షణ సామగ్రి) ఇకముందు పడకుండా కాపాడుతుంది. ఇప్పటికే మంచాన ఉన్నవారి ఆశ పరిశోధన మీదే. ఈ ఏడు పండుగ చందాతో పాటు దానికోసం ఇంటికి ₹1,116 అడుగుతున్నాం.

చేతి నరం తెగితే రోజుకు సుమారు మిల్లీమీటరు చొప్పున మళ్లీ పెరుగుతుంది. వెన్నుపాములో గాయం చుట్టూ మచ్చ కడుతుంది, నరాల పైపొరలో ఉండే నోగో-ఎ ప్రోటీన్ కొత్త మొలకను అడ్డుకుంటుంది. ఆ అడ్డు తొలగించడం ఒక దారి. చచ్చిన కణాల చోట కొత్తవి నాటడం ఇంకో దారి. జపాన్‌లో కెయో విశ్వవిద్యాలయం వైద్యులు ఈ రెండో దారిన 2021 డిసెంబరులో మొదలుపెట్టి, గాయమైన 14 నుంచి 28 రోజుల్లోపు నలుగురికి తలా 20 లక్షల కణాలు నాటారు. ఇద్దరికి మెరుగు కనిపించిందని, అందులో ఒకరు ఆసరా లేకుండా నిలబడగలిగారని 2025లో చెప్పారు. నలుగురితో తేలే విషయం కాదిది, పెద్ద ప్రయోగాలు జరగాలి.

మీరిచ్చేది హుండీలో కలపం. క్లినికల్ ట్రయల్స్ రిజిస్ట్రీలో (చికిత్సా ప్రయోగాల అధికారిక జాబితాలో) నమోదైన ప్రయోగం చేసే బోధనాసుపత్రి నిధికే పంపుతాం. పన్ను రాయితీ కావాలంటే ఆ నిధి పేరనే చెక్కు రాయండి. ₹2,000 దాటిన నగదుకు ఆ రాయితీ వర్తించదు.

స్టెమ్ సెల్ (మూలకణాల) ఇంజెక్షన్‌తో నడిపిస్తామని లక్షలు అడిగేవారి మాట విని పొలాలు అమ్ముకోకండి. భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) మార్గదర్శకాల ప్రకారం వెన్నుపాముకు అది ఇంకా ప్రయోగమే. ప్రయోగంలో చేరినవారి దగ్గర దానికి డబ్బు తీసుకోకూడదు.

ఒక పని మాత్రం మన చేతుల్లోనే ఉంది. పడ్డ మనిషిని చంకల కింద పట్టి లేపొద్దు, బండి మీద ఇద్దరి మధ్య కూర్చోబెట్టొద్దు. విరిగిన పూస కదిలితే మిగిలిన నరాలూ తెగొచ్చు. 108కి ఫోన్ చేసి అంబులెన్స్ వచ్చేదాకా కదపకండి. కదపక తప్పకపోతే ఒకరు తల, మెడ కదలకుండా పట్టుకోవాలి, ముగ్గురు ఒకేసారి దుంగలా దొర్లించి చెక్క మీదికి చేర్చాలి. ఆరడుగుల చెక్క, నాలుగు పట్టీలు గుడి మంటపంలో ఎప్పుడూ ఉంటాయి.

చందా పుస్తకం ప్రతి ఆదివారం ఉదయం 8 నుంచి 11 దాకా అక్కడే ఉంటుంది. రసీదు తీసుకోనిదే ఎవరికీ డబ్బు ఇవ్వకండి.

ఇట్లు,
ఆలయ కమిటీ