మొదటి ఏడాది కమిషన్ నూట నాలుగు రూపాయలు

సంపాదకులకు నమస్కారం.

గత ఆదివారం మీ కెరీర్ పేజీలో జనం మదుపు డబ్బుతో షేర్లు కొని అమ్మే ఫండ్ మేనేజర్ల మీద వేసిన వ్యాసం చదివాను. ఐఐఎంలో ఎంబీఏ, సీఎఫ్ఏ అనే ఫైనాన్స్ పరీక్ష మూడు లెవెల్స్, ముంబైలో అద్దాల మేడ, కోట్లలో జీతం. అందులో అబద్ధమేమీ లేదు. కాకపోతే సోమవారం పొద్దున్నే ఆ పేజీ మడిచి పట్టుకుని మా వీధి అమ్మాయి, బీకాం ఫైనలియర్, నా ఆఫీసుకొచ్చింది. "అంకుల్, మీరూ ఈ లైనే కదా, ఇలా అవ్వాలంటే ఏం చెయ్యాలి?" అంది. ఆఫీసంటే భీమవరం జేపీ రోడ్డులో ఓ గది, రెండు కుర్చీలు, ఒక ప్రింటరు. ఆ అమ్మాయికి చెప్పిందే మీకూ రాస్తున్నాను.

నేను డీఎన్నార్ కాలేజీలో బీకాం చదివి, 1994లో ఓ షేర్ బ్రోకర్ దగ్గర పబ్లిక్ ఇష్యూ ఫారాలు నింపే గుమాస్తాగా చేరాను. తర్వాత మ్యూచువల్ ఫండ్ ఏజెంటునయ్యాను. ఇప్పుడు డిస్ట్రిబ్యూటర్ అంటున్నారు, ఊళ్ళో మాత్రం ఇంకా ఏజెంటుగారే. 2009 ఆగస్టు 1 దాకా మా బతుకు వేరు. షేర్లలో మదుపు చేసే ఈక్విటీ ఫండులో ఎవరైనా లక్ష పెడితే అందులోంచే 2.25 శాతం ఎంట్రీ లోడ్ కోసేవారు, చాలావరకు అది మాకే వచ్చేది. మార్కెట్లను నియంత్రించే సెబీ దాన్ని తీసేసింది. ఆ రోజుల్లో నేనూ తిట్టాను. నాతోటివాళ్ళు చాలామంది బీమా, మదుపు కలిపి అమ్మే యూలిప్ పాలసీల వైపు వెళ్ళిపోయారు.

తీసెయ్యడం ఎందుకు అవసరమో నాకు తెలుసు. 2008 జనవరిలో ఓ రిటైర్డ్ మాస్టారి చేత కొత్తగా వచ్చిన ఇన్‌ఫ్రా ఫండులో రెండు లక్షలు పెట్టించాను. "యూనిట్ పది రూపాయలేనండి, చవక" అన్నాను. పది రూపాయల యూనిట్ చవకా కాదు, ఖరీదూ కాదు, కొత్త ఫండు మొదలెట్టే అంకె మాత్రమే. ఆ సంగతి నాకు తెలుసు, ఆయనకు తెలీదు. నాకు 4,500 వచ్చింది. ఏడాది తిరిగేసరికి ఆయన డబ్బు సగమైంది. ఆయన ఒక్క మాట అనలేదు. నెలకోసారి సైకిలేసుకుని వచ్చి, "ఇవాళ ఎంతుందండీ?" అని అడిగి, చెప్పింది చిన్న డైరీలో రాసుకుని వెళ్ళేవారు. అరిచినా బాగుండేది. ఆ యూనిట్ మళ్ళీ పది దాటింది 2014 ఎన్నికల తర్వాతే. అదే వారం ఆయన మొత్తం తీసేసుకున్నారు.

ఇప్పుడు మాకు వచ్చేది ట్రయిల్ కమిషనే. మదుపు చేసినవాళ్ళ డబ్బు ఫండులో ఉన్నన్నాళ్ళూ ఏడాదికి ముప్పావు శాతమో, ఒక శాతమో. ఆ అమ్మాయికి కాగితం మీద లెక్క వేసి చూపించాను. సిప్ (నెలనెలా కట్టే మదుపు) కింద నెలకు 2,000 కట్టే కస్టమరు దొరికాడనుకో. మార్కెట్ కదలకపోతే మొదటి ఏడాది అతని ఖాతాలో సగటున ఉండేది 13,000. వందకు ఎనభై పైసల చొప్పున నీకొచ్చేది 104 రూపాయలు. అతని సంతకం కోసం పక్కనున్న ఉండి ఊరికి రెండుసార్లు వెళ్ళొస్తే పెట్రోలుకే చాలవు. నెలకు పాతిక వేలు రావాలంటే జనం డబ్బు మూడు ముప్పావు కోట్లు నీ ఏఆర్ఎన్ (డిస్ట్రిబ్యూటర్ రిజిస్ట్రేషన్) నంబరు కింద ఉండాలి. అక్కడికి చేరడానికి నాకు 2009 నుంచి లెక్కేస్తే ఏడేళ్ళు పట్టింది. ఆ ఏడేళ్ళూ ఇల్లు నడిచింది మా ఆవిడ టీచరు జీతంతో.

మరి పనేమిటి? షేర్లు ఎంచడం కాదు, అది ముంబైవాళ్ళు చూసుకుంటారు. మా దగ్గర రొయ్యల రైతుకు నెలనెలా జీతం రాదు. పట్టుబడి అయినప్పుడు, అంటే చెరువులో రొయ్యలు పట్టి అమ్మినప్పుడు, ఒక్కసారే లక్షలు వస్తాయి, తెల్లమచ్చ రోగం తగిలితే పెట్టింది కూడా రాదు. అలాంటాయనకు టీవీలో చెప్పినట్టు ప్రతి ఐదో తారీఖునా సిప్ అంటే చెక్కు బౌన్సే. పట్టుబడి డబ్బు ముందు, కావాలన్నప్పుడు తీసుకోగలిగే లిక్విడ్ ఫండులో వేయించి, మళ్ళీ సీడుకీ (రొయ్య పిల్లలకీ) మేతకీ కావాల్సింది అందులోనే ఉంచి, మిగతాది నెలకింత చొప్పున ఈక్విటీలోకి మళ్ళిస్తాం. ఇది ఏ కోర్సులోనూ చెప్పలేదు, చెరువు గట్ల మీద తిరిగితే తెలిసింది.

2020 మార్చి 23న సెన్సెక్స్ 3,934 పాయింట్లు పడింది. ఆ రోజు నాకు అన్నం సహించలేదు. "ఏవండీ, మొత్తం తీసెయ్యండి" అని ఒకటే ఫోన్లు. "తీసేద్దామండి, సీడు ఎప్పుడు వేస్తున్నారు?" అని అడిగేవాణ్ణి. మేత డబ్బు లిక్విడ్‌లో భద్రంగా ఉందని గుర్తొచ్చేసరికి చాలామంది చల్లబడ్డారు. ఒకాయన వినలేదు, తీసేశారు. ఆ డిసెంబరుకు సెన్సెక్స్ 47,000 దాటింది. ఆయన నాతో మాట్లాడ్డం మానేశారు, గట్టిగా ఆపలేదని!

2013 నుంచి డైరెక్ట్ ప్లాన్లు వచ్చాయి, ఏజెంటు లేకుండా, కమిషన్ లేకుండా నేరుగా ఫండులో పెట్టుకోవచ్చు. బెంగళూరులోనో డల్లాస్‌లోనో ఉన్న పిల్లలు నాన్నగారి ఫోన్లో యాప్ వేసి పెట్టేస్తున్నారు. ఖర్చు తక్కువ, వాళ్ళది తప్పని అనను. రెండేళ్ళ కింద అలాంటి ఒకాయన పోయారు. ఆవిడ ఆయన ఫోన్ పట్టుకుని వచ్చారు. లాక్ ఎవరికీ తెలీదు, నామినీ పెట్టలేదు. పాన్ కార్డు పట్టుకుని ఫండ్ల ఖాతాలు చూసే రిజిస్ట్రార్ ఆఫీసు చుట్టూ, వారసుల కాగితాల కోసం తహసీల్దారు ఆఫీసు చుట్టూ మూడు నెలలు తిరిగాం. నాకు అందులో పైసా రాదు. ఆవిడ అరిసెలు పంపారు, అంతే.

ఇవేవీ వద్దు, ఉద్యోగమే కావాలంటే హైదరాబాద్ ఉంది. మా మేనల్లుడు నానక్‌రాంగూడలో ఓ విదేశీ కంపెనీలో ఎన్ఏవీ, అంటే ఫండు యూనిట్ల రోజువారీ విలువ, లెక్కలు చూస్తాడు. అమెరికా మార్కెట్ మూసేది మనకు రాత్రి ఒంటిగంటన్నరకి, చలికాలమైతే రెండున్నరకి. లెక్క తేల్చి పంపేసరికి తెల్లవారుతుంది. వాడికి పెళ్ళిసంబంధాలు చూడ్డానికి మా అక్కకు ఈ నైట్ షిఫ్టే పెద్ద టెన్షన్. అయినా ఈ రంగంలో మన తెలుగు పిల్లలు ఎక్కువమంది చేరుతున్నది ఇలాంటి చోట్లకే, ముంబై మేడకు కాదు. మీ పేజీలో వాళ్ళ మాట ఒక్క వాక్యం కూడా లేదు.

ఈసారి ఇలాంటి వ్యాసం వేసేటప్పుడు పక్కన ఓ పెట్టె గీసి, మొదటి ఐదేళ్ళలో ఏ పనికి చేతికి ఎంత వస్తుందో కూడా వెయ్యండి. పిల్లలు చూసేది అదే.

ఆ అమ్మాయి భయపడి వెళ్ళిపోతుందనుకున్నాను. డిస్ట్రిబ్యూటర్ పరీక్ష గురించి అడిగింది. సెబీ పెట్టిన ఎన్ఐఎస్ఎం సంస్థ వాళ్ళది, వంద మార్కులకు యాభై వస్తే పాస్ అన్నాను. తర్వాత నా పాత కమిషన్ పుస్తకంలో 2009-10 పేజీ తీయించుకుని, ఫోన్లో ఫొటో తీసుకుని, "నాన్నకు చూపిస్తానంకుల్" అంటూ వెళ్ళింది.

ఇట్లు,
ఒక మ్యూచువల్ ఫండ్ డిస్ట్రిబ్యూటర్,
భీమవరం